సముద్రం వైపు బోల్టు

అనగనగా ఒక ఊళ్ళో ఇనుము ఎక్కువకాలం బతికేది కాదు. ఆ ఊరి పేరు కొటారుపాలెం. ఒక పక్క సముద్రం, మూడు పక్కలా ఉప్పు మళ్ళు. గాలిలోనే ఉప్పు. తలుపు గడియకి తుప్పు, బకెట్టు కాడకి తుప్పు, సైకిలు చక్రానికి తుప్పు. దసరాకి కొన్న కత్తిపీట దీపావళికి ఎర్రబడేది.

ఆ ఊరికి తియ్యటి నీళ్ళు ఒక్కచోటే. వీధి చివర బోరింగు. నలభై గడపలకీ అదే దిక్కు. అందుకని దాన్ని ఎవరూ బోరింగు అనేవాళ్ళు కాదు, గంగమ్మ అనేవాళ్ళు. ఏటా సంబరానికి పడవలకి వెయ్యగా మిగిలిన రంగు తెచ్చి గంగమ్మకి పూసేవాళ్ళు. ఒక ఏడు నీలం, ఒక ఏడు పసుపు, ఒక ఏడు ఆకుపచ్చ. పాత రంగు మాత్రం గీకకూడదు. గీకితే అమ్మ ఒంటిమీద చీర లాగినట్టేనట. అందుకని చీర మీద చీర కట్టేవాళ్ళు.

ఆ ఊళ్ళోనే ఒక తెలివితక్కువ మనిషి కూడా ఉండేది. ఎవరా అని ఆలోచించకు. నేనే.

నవ్వకే. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పెళ్ళై ఆ ఊరు వచ్చి రెండేళ్ళు. మీ తాతయ్య సైకిలు గొలుసు ఒకసారి ఊడిపోతే ఎక్కించాను. అంతే, ఆ రోజు నుంచి నేను మెకానిక్కుని. ఆ మాట ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. ఆ తర్వాత కుట్టుమిషను విప్పి బిగించాను. బిగించాక రెండు మరలు మిగిలాయి. మిషను నడుస్తూనే ఉంది కాబట్టి, ఆ రెండూ కంపెనీవాడు పొరపాటున ఎక్కువ పెట్టాడని వీధంతా చెప్పాను.

అలా ఉండగా ఒక వేసవిలో, సంబరం ఇంకా పది రోజులుందనగా, గంగమ్మ ఆగిపోయింది. బోరింగు చెయ్యి కొడితే గాలి తప్ప ఏమీ రాలేదు. లోపల నీళ్ళని పైకి లాగే తోలు వాసరు చిరిగిపోయింది. కొత్త వాసరు ఊళ్ళోనే ఉంది. అది వెయ్యాలంటే బోరింగు తల ఎత్తాలి. తలకి నాలుగు బోల్టులు.

ఊరవతల మంచినీళ్ళంటే ఏరు దాటి నాలుగు మైళ్ళు. సముద్రం వెనక్కి తీసినప్పుడే ఏరు దాటగలం. రోజుకి ఒక్క నడక, మనిషికి రెండు బిందెలు. అవి పిల్లలకే చాలవు.

బోరింగుకి ఎదురిల్లు గరటయ్య మావది. మళ్ళకి నీళ్ళు తోడే ఇంజన్లు నడిపి నడిపి ముసలివాడైన మనిషి. ఆ బోరింగు పాతిన రోజున నాలుగు బోల్టులూ బిగించింది ఆయనే. ఆయనే విప్పాలి. కానీ ఆయన మంచం మీదున్నాడు.

ఎందుకంటే, గంగమ్మ ఆగిన మర్నాడు ఇంట్లో ఉన్న మంచినీళ్ళు పక్కింటి పిల్లలకి పొయ్యమని, తను మళ్ళ దగ్గరి గుంట నీళ్ళు తాగాడు. అప్పుడు పట్టుకున్నాయి వాంతులూ విరేచనాలూ. మందులిచ్చే డాక్టరు సైకిలు మీద వచ్చి చూసి, బయటికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"మాటిమాటికీ మంచినీళ్ళు పట్టాలి. గుక్క గుక్కగా అయినా సరే, ఆగకూడదు. సాయంత్రందాకా నీళ్ళు పడితే తేరుకుంటాడు. లేకపోతే మాత్రం నేను మాటివ్వలేను."

గరటయ్య మావ భార్య బంగారమ్మత్త. గంగమ్మకి బొట్టు పెట్టేదీ, రంగు పూసేదీ ఆవిడే. ఆవిడ లోపలికి వెళ్ళి కుండ వంచి చూసింది. ఒక్క చెంబుకి సరిపడా ఉన్నాయి.

అప్పుడు నేను కొంగు బిగించాను. మెకానిక్కుని కదా మరి.

మా మరిది లోవరాజు లారీ నడిపేవాడు. వాడి దగ్గర సాకెట్ల పెట్టె ఉండేది. సాకెట్టంటే బోల్టు తలమీద బోర్లించే ఇనప గిన్నె. పైన పిడి తగిలించి తిప్పుతారు. వాడివి అద్దంలా మెరుస్తూ ఉండేవి. ఒక్కోదాని లోపల పన్నెండు మూలలు. ఎటునుంచి పెట్టినా సులువుగా కూర్చుంటాయి.

పందొమ్మిది నంబరు సాకెట్టు పెట్టాను. మొదటి బోల్టు మూలిగి మూలిగి వచ్చింది. ఆ తర్వాత రెండోది. ఆ తర్వాత మూడోది. వీధిలో ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. నేను మాత్రం వాళ్ళని చూడనట్టు నుదుటి చెమట తుడుచుకున్నాను.

నాలుగోది సముద్రం వైపు ఉంది. ఉప్పుగాలంతా దానికే కొడుతుంది. తుప్పు పైకి కనిపిస్తుందని ఏటా దానికి రెండు పూతలు ఎక్కువ వేసేవాళ్ళు. దాని మీద పందొమ్మిది పెడితే పట్టలేదు.

నాలుగూ ఒకే రోజు ఒకే కొట్టులో కొన్న బోల్టులు. మూడింటికి పట్టింది నాలుగోదానికి ఎందుకు పట్టదు అని చంటిపిల్లయినా అడుగుతుంది. నేను అడగలేదు. "ఇది పెద్ద బోల్టురా లోవరాజూ, ఇరవై ఒకటి ఇయ్యి" అన్నాను.

ఇరవై ఒకటి చక్కగా కూర్చుంది. రంగు మీద కూర్చుంది. బలంగా తిప్పాను. గిర్రున జారింది. నీలం పెచ్చులూ ఆకుపచ్చ పెచ్చులూ రాలాయి. రంగుతో పాటు బోల్టు మూలలు కూడా కొరుక్కుపోయాయి.

అప్పుడైనా ఆగాలి కదా. ఆగలేదు. పెచ్చులు ఊడాయి కాబట్టి ఇప్పుడు పందొమ్మిది పట్టింది. పిడికి బారెడు ఇనప గొట్టం తొడిగాను. లోవరాజుని కూడా వేళ్ళాడమన్నాను. పన్నెండు మూలల సాకెట్టు బోల్టుని మూలల దగ్గరే పట్టుకుంటుంది. ఆ మూలలు అప్పటికే సగం పోయాయి. మా ఇద్దరి బరువుకి మిగతా సగం కూడా పోయింది. సాకెట్టు తీసి చూస్తే బోల్టు తల గుండులా నున్నగా ఉంది.

"వదినా, ఇప్పుడు దీన్ని ఎక్కడ పట్టుకోవాలి?" అన్నాడు లోవరాజు.

వీధిలోవాళ్ళు నన్ను తిట్టినా బాగుండేది. ఎదురింటి అరుగు మీద బంగారమ్మత్త ఉగ్గుగిన్నెతో నీళ్ళు కొలుచుకుంటోంది. చెంబు సగానికి వచ్చింది.

నేను వెళ్ళి గరటయ్య మావ మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. మొహం ఎండిపోయింది ఆయనకి. కళ్ళు లోపలికి పోయాయి. జరిగింది దాచకుండా చెప్పాను. చెప్పడానికి పొద్దున్న రావలసినదాన్ని, మధ్యాహ్నం వచ్చాను.

"గొట్టం కూడా వేశావా?" అన్నాడు.

"వేశాను మావా."

"కుట్టుమిషను మరలు రెండూ ఉన్నాయా, పారేశావా?"

ఆ స్థితిలో కూడా వదల్లేదు నన్ను. ఉన్నాయన్నాను. "ఉంచుకో" అని, మంచం కింద ఉన్న చెక్కపెట్టె చూపించాడు.

పెట్టెలో మూడు సాకెట్లు చమురుగుడ్డలో చుట్టి ఉన్నాయి. ఒకటి తెల్లగా మెరుస్తోంది. ఒకటి నల్లగా, మందంగా ఉంది. ఇంకొకటి పాతది, దెబ్బలు తిని వంకర చట్టిలా ఉంది.

"ఏది తీసుకుంటావ్?" అన్నాడు.

నా చెయ్యి మెరిసేదాని మీదికే వెళ్ళింది. బుద్ధి అంత తొందరగా వస్తుందా?

"కళ్ళతో కాదే. వేలు లోపల పెట్టి చూడు."

మొదటిదాంట్లో వేలు పెట్టాను. పన్నెండు మూలలు, లోవరాజు దాంట్లో లాగే. రెండోదాంట్లో పెట్టాను. ఆరే మూలలు, మూలకీ మూలకీ మధ్య వెడల్పైన చదును. మూడోదాంట్లో పెట్టాను. మూలలే లేవు. లోపలంతా మెలి తిరిగిన పళ్ళు, శంఖం లోపల వేలు పెట్టినట్టు. చర్మం గీరుకుపోయింది.

అప్పుడాయన గుక్క తిప్పుకుంటూ చెప్పాడు. "పన్నెండు మూలల్ది మంచి బోల్టుకి. తుప్పు పట్టినదానికి ఆరు మూలల్ది. అది మూలని నొక్కదు, పక్కల్ని పట్టుకుంటుంది. మూలలు పోయాక ఈ మెలిపళ్ళది. ఎడమకి తిప్పేకొద్దీ ఇంకా లోపలికి కరుస్తుంది. పొద్దున్నే వచ్చుంటే ఆరు మూలల్ది చాలేది నీకు."

బంగారమ్మత్త ఒక గుక్క పట్టింది.

"ఈ పళ్ళు రంగుని కరిస్తే లాభం లేదు," అన్నాడు మళ్ళీ. "ఇనుముని కరవాలి. చుట్టూ ఉన్న రంగంతా గీకాలి. కిరసనాయిలు పొయ్యాలి. సుత్తితో చిన్నగా తట్టాలి, ఊరుకోవాలి. మళ్ళీ తట్టాలి, ఊరుకోవాలి. మూడుసార్లు. గొట్టం వెయ్యకు. గొట్టం వేస్తే బోల్టు చెప్పే కబురు నీ చేతికి అందదు. బోల్టు తల తెగిందంటే ఇక బోరింగు కింది పలక పగలగొట్టడమే."

నేను బంగారమ్మత్త వంక చూశాను. గీకాలన్నాడు కదా. ఆ ఊళ్ళో గంగమ్మ మీద గోరు పెట్టినవాళ్ళు లేరు. సంబరం వారంలో ఉంది.

బంగారమ్మత్త చెంబులోకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది. అప్పుడు లేచి, చూరులోంచి ఒక ఆల్చిప్ప తీసింది. మామిడికాయలు చెక్కు తీసే ఆల్చిప్ప.

వీధి దాటి వెళ్ళి గంగమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నా చేత్తో కట్టినవే తల్లీ, నా చేత్తోనే తీస్తున్నాను" అని గీకడం మొదలుపెట్టింది. నీలం రాలింది. "ఇది నిరుటిది" అంది. ఆకుపచ్చ రాలింది. "ఇది తుఫానేడు వేసింది." పసుపు రాలింది. "ఇది పెద్దాడు పుట్టిన ఏడు." అన్నిటికీ అడుగున జేగురు రంగు వచ్చింది. అక్కడ మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. అది బోరింగు పాతిన రోజున మావ వేసిన రంగు. కళ్ళు తుడుచుకోకుండా అదీ గీకింది.

ఇనుము బయటపడింది. చిన్న బోల్టేనే. ఎన్ని చీరల కింద ఎంత చిన్నగా ఉందో.

ఆ తర్వాత కిరసనాయిలు పోశాను. తట్టాను. ఊరుకున్నాను. మళ్ళీ పోశాను. తట్టాను. ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది నాకు. నా చేతికి అంతకు ముందు ఆ విద్య లేదు. మూడోసారి ఊరుకున్నప్పుడు పొద్దు ఉప్పు కుప్పల మీదికి వాలింది. చెంబులో ఇక ఉగ్గుగిన్నెడే మిగిలాయి.

అప్పుడు మెలిపళ్ళ సాకెట్టు బోల్టు మీద పెట్టి, సుత్తితో మూడు దెబ్బలేసి దిగ్గొట్టాను. పిడి తగిలించాను. రెండు చేతులతో పట్టుకుని ఎడమకి తిప్పాను, మెల్లగా. కదల్లేదు. పళ్ళు కరిచాయి. ఇంకా తిప్పాను. చేతికి ఏదో సాగుతున్నట్టు తెలిసింది.

టప్ అని చప్పుడైంది.

బోల్టు తల తెగినా అదే చప్పుడు, బోల్టు వదిలినా అదే చప్పుడు. రెంటికీ తేడా నాకు తెలియదు. పిడి వదిలెయ్యలేను, తిప్పలేను. వీధంతా అలాగే నిలబడిపోయింది.

అప్పుడు ఎదురింట్లోంచి, మంచం మీదనుంచి, బొంగురుగా ఒక మాట వచ్చింది.

"వదిలిందే. తిప్పు."

తిప్పాను. వచ్చింది, తుప్పు పొడి రాల్చుకుంటూ, కీచుమంటూ, చుట్టు వెంట చుట్టు వచ్చింది. నేనూ లోవరాజూ బోరింగు తల ఎత్తాం. పాత వాసరు తీశాం, కొత్తది వేశాం. మూడు మంచి బోల్టులతోనే బిగించాం.

చెయ్యి కొట్టాం. మొదట గాలి వచ్చింది. ఆ తర్వాత ఎర్రటి తుప్పు నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత తెల్లటి నీళ్ళు వచ్చాయి. బిందెలున్నవాళ్ళంతా పక్కకి జరిగి బంగారమ్మత్తకి దారి ఇచ్చారు. ఆవిడ చెంబు పట్టింది.

ఏమైందంటావా? తాగాడు. ఆ సాయంత్రమంతా గుక్క గుక్కగా తాగాడు. చీకటి పడేవేళకి కళ్ళల్లో తడి వచ్చింది. అప్పుడు నన్ను పిలిచి, "బోల్టు ఏదే?" అన్నాడు. ఇచ్చాను. నున్నటి తల, దాని మీద మెలిపళ్ళ గాట్లు. చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తిరిగి నా చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"నీ దగ్గరే ఉంచుకో. అన్నీ వచ్చేశాయి అనిపించినప్పుడల్లా ఒకసారి తడుముకో."

ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. ఆ ఆరేళ్ళూ నాకు పని నేర్పాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ బోరింగు ఆగినా నన్ను పిలిచేవాళ్ళంటే అది ఆయన పుణ్యం. నన్ను పిలిచినప్పుడల్లా కుట్టుమిషను మరల సంగతి కూడా అడిగేవాళ్ళంటే అదీ ఆయన పుణ్యమే.

ఆ ఏడు సంబరానికి బంగారమ్మత్త రంగు డబ్బా తెచ్చింది. ఎర్ర రంగు. గంగమ్మకి ఒళ్ళంతా పూసింది. పోయినదాని బదులు బిగించిన కొత్త బోల్టు దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆపింది. వేలితో గ్రీజు తీసి బొట్టు పెట్టింది. సముద్రం వైపు దానికి మొదట, ఆ తర్వాత మిగతా మూడింటికీ. ఇప్పటికీ ఆ ఊళ్ళో బోల్టు తలలకి రంగెయ్యరు. ఏటా అమ్మకి చీర కడతారు, బోల్టులకి గ్రీజు బొట్టు పెడతారు.

ఇప్పుడు ఆ డబ్బా మూత తియ్యి. కుట్టుమిషను మరలు రెండూ అందులోనే ఉంటాయి, అవి కాదు. దాని కిందది. ఆఁ, అదే. వేలు పెట్టి చూడు, కళ్ళతో కాదు. నున్నగా ఉందా? అది మీ అమ్మమ్మ తెలివి. గాట్లు తగిలాయా? అవి మావ చెప్పిన మాటలు.

సరే, లోపల పెట్టెయ్యి. కళ్ళు మూసుకో.

నీళ్ళు బిందెలోకి, బోల్టు డబ్బాలోకి,
గ్రీజు బొట్టులోకి, తుప్పు గాలిలోకి,
కథేమో కంచి దారికి, మనమేమో ఇంటి దారికి,
నువ్వు నిద్దట్లోకి, నేను నీ పక్కలోకి.