స్టూలు మీంచి చూసిన నిచ్చెన

ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పే బదులు సుద్దముక్క చేతికివ్వడం సూర్యలింగాచారి మాస్టారికి అలవాటు. “గీయండి, చూద్దాం” అనేవారు. గీయడం పూర్తయ్యేసరికి సగంమంది తామేం అడిగారో మరిచిపోయేవారు. తక్కినవాళ్ళకి మళ్ళీ అడగవలసిన అవసరం ఉండేది కాదు.

కనకవల్లి అడగాలనుకున్నది మరిచిపోవడం గురించే. అందుకని ఆ ప్రశ్నని రెండు వారాలు నోట్లోనే నానబెట్టుకుంది.

కాకినాడ రేవుకి దగ్గర్లో, మోకులమ్మే కొట్టు పైన ఉన్న గదిలో ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు కలుసుకునేవారు. పదిమందికి మించరు. పడమటి దేశాల్లో వెనకటి రహస్య సంఘాలవాళ్ళు తమ పవిత్ర చిహ్నాలని గోడకెక్కించకుండా, కూడుకున్నప్పుడల్లా నేలమీద సుద్దతో గీసి, లేచేముందు తుడిచేసేవారట. ఆ పద్ధతిని మాస్టారి గురువుగారు రేవులో పనిచేసిన ఒక స్కాట్లండు ఇంజనీరు దగ్గర నేర్చుకున్నారు. ఆయన దగ్గర మాస్టారు నేర్చుకున్నారు. నియమాలు పెద్దగా ఏమీ లేవు. పడమటి గుమ్మం దగ్గర నిలబడి, తూర్పుముఖంగా గీయాలి. గీస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. గీసినవాళ్ళే తడిగుడ్డతో తుడవాలి, తుడుస్తూ ఒక్కొక్కదాని పేరూ పైకి చెప్పాలి. కాగితం మీదికి మాత్రం ఎవరూ ఎక్కించుకోకూడదు.

గుర్తులు ఏడు. గుమ్మం వైపు రెండు స్తంభాలు, వాటి నడుమ నుంచి తూర్పుకి ఎక్కే నిచ్చెన, నిచ్చెన మధ్యలో సిలువ మీద విచ్చిన గులాబీ, కుడిపక్క సూర్యుడు, ఎడమపక్క చంద్రుడు, నిచ్చెన చివర నక్షత్రం, అన్నిటినీ చుట్టి తన తోక తానే నోట కరుచుకున్న పాము. ఎర్రటి గచ్చు మీద తెల్లటి సుద్దతో అవి ఎంతో అందంగా లేచేవి. గంటన్నర బతికేవి.

ఆ ఏడాది మాస్టారి చెయ్యి వణకడం మొదలైంది. ఇక తాను గీయలేనని, సుద్దల డబ్బా ఎవరో ఒకరు తీసుకోవాలని చెప్పి, “కనకవల్లిగారూ, వచ్చే వారం మీరు గీయండి” అన్నారు.

ఆ వారమంతా ఆవిడకి కాలు నిలవలేదు. చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వేశానో లేదో చూద్దామని తిరిగొచ్చింది. ఒకరోజు లైటరు చేత్తో పట్టుకుని స్టవ్ ముందు ఎందుకు నిలబడిందో తెలియక అలాగే నిలబడిపోయింది. అరవయ్యారేళ్ళకి ఎవరికైనా జరిగేవే. కానీ వాళ్ళమ్మకి కూడా ఇలాగే మొదలైంది. ఆఖరి రోజుల్లో ఆవిడ కనకవల్లి చేతి ముద్ద తింటూ, కనకవల్లినే అడిగేది, “వదినా, మా కనకం ఎప్పుడొస్తుందే?” అని. డబ్బా తీసుకుంటే తన మతిమరుపు పదిమందిలో బయటపడుతుంది. తీసుకోనంటే ఇవాళే బయటపడినట్టు. అలాగని ఆ గదికి రావడం మానేస్తే ఆవిడకి వారంలో ఆదివారమే ఉండదు.

ఆ భయంతోనే ఆవిడ అప్పటికే ఒక తప్పు చేసింది. మాస్టారు ఆ మాట అన్న ఆదివారమే, తుడిచేలోగా, తను కూర్చున్న చోటు నుంచి కనబడ్డదాన్ని కనబడ్డట్టుగా క్యాలెండరు కాగితం వెనక గుట్టుగా దింపుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. అందరూ గోడల వెంట చాపలమీద సర్దుకున్నారు. తూర్పు కిటికీ దగ్గరి స్టూలు ఒక్కటే ఖాళీగా ఉంది. అది ఆవిడదే. మోకాళ్ళు పట్టేశాక ఆరేళ్ళ నుంచి అక్కడే కూర్చుంటోంది. ఒక కాలు పొట్టి కావడంతో కదిలినప్పుడల్లా అది టకటకమనేది.

మాస్టారు సుద్దముక్క అందించారు. కనకవల్లి చప్పున అడిగేసింది.

“మాస్టారూ, కాగితం మీద ఉండనివ్వం, గోడమీద ఉండనివ్వం. గుర్తున్నవాళ్ళలోనే ఉండాలంటాం. ఆ గుర్తున్నవాళ్ళు మరిచిపోతే?”

“గీయండి, చూద్దాం” అన్నారాయన.

ఆవిడ నడుం దగ్గర దోపుకున్న కాగితం గుచ్చుకుంటోంది. చెమటలు తుడుచుకునే వంకతో రెండుసార్లు చూసుకుంది. మోకాళ్ళు మొరాయిస్తున్నా వంగి, జరుగుతూ, గీసింది. పాము తోక నోటితో కలిసేసరికి నడుం పట్టేసి, గుమ్మం దగ్గర మెల్లగా లేచి నిలబడింది. చూసుకుంటే అంతా తనకి ఎప్పుడూ కనిపించేట్టే ఉంది. గుండె కుదుటపడింది.

రైల్వేలో టిక్కెట్లిచ్చి రిటైరైన పేర్రాజు గొంతు సవరించుకున్నాడు.

“మాస్టారూ, నక్షత్రం గుమ్మం దగ్గర పడిందండీ. స్తంభాలు కిటికీ దగ్గరికి పోయాయి. నిచ్చెన చూస్తే కిందికి దిగుతోంది. కనకవల్లిగారు మనందరికీ పాతాళానికి టిక్కెట్టు కొట్టేశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ స్టేషనుకి నేనొక్కటీ కొట్టలేదు.”

చాపల మీద వాళ్ళు నవ్వారు. కనకవల్లి నవ్వలేదు. తల తిప్పి చూసింది, మళ్ళీ చూసింది. ఎక్కడా తప్పు కనబడలేదు. అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది. అందరికీ కనిపిస్తున్న తప్పు తనకి కనిపించడం లేదంటే అమ్మ జబ్బు వచ్చేసినట్టే. కాగితం పైకి తీసి మాస్టారికి ఇచ్చేసింది.

“దీన్ని చూసి కూడా తప్పు గీశానండీ” అంది. “డబ్బా ఇంకెవరికైనా ఇవ్వండి.”

మాస్టారు కాగితాన్ని నేలమీది బొమ్మతో పోల్చి చూశారు. మందలించలేదు. కర్ర పట్టుకుని, పాముని తొక్కకుండా గోడవారగా నడిచి వెళ్ళి, ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపు చూశారు. స్టూలు టకమంది.

“ఇక్కణ్ణుంచి అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి” అన్నారు. “ఆరేళ్ళ నుంచి ఈవిడకి మనం నిచ్చెన తలకిందులుగా చూపిస్తున్నాం. ఒక్కరమూ ఇటొచ్చి కూర్చోలేదు.”

ఆయన లేచి, క్యాలెండరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్టూలు పొట్టికాలు కింద దూర్చారు. కదిపి చూశారు. ఇక చప్పుడు రాలేదు.

“రా పేర్రాజూ, కూర్చో.”

పేర్రాజు నవ్వుతూనే వెళ్ళి కూర్చున్నాడు. కూర్చున్నాక నవ్వు ఆపేశాడు.

“నిచ్చెన గుమ్మంలోకి వెళుతోందండీ” అన్నాడు కాసేపటికి. “ఆవిడ కాళ్ళ దగ్గరికి.”

ఆ వేళ గుర్తుల మీద చదువు అలాగే సాగింది, అటుదిటుగా ఉన్న నిచ్చెన చుట్టూ. కనకవల్లికి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తుడిచే ఘడియ గురించే ఆలోచన. కాగితం స్టూలు కింద ఉంది. పేర్లు తన నోట రావాలి.

బకెట్టు తెచ్చారు. ఆవిడ గుడ్డ పిండి, గుమ్మం దగ్గర మొదలుపెట్టింది. “నక్షత్రం.” తుడిచింది. “నిచ్చెన. గులాబీ సిలువ.” తడి గచ్చు మెరుస్తోంది. “స్తంభాలు. పాము.” గుండ్రంగా తుడుచుకుంటూ వచ్చింది. “సూర్యుడు.” ఇక ఒక్కటి మిగిలింది. తెల్లగా, వంకరగా, కళ్ళెదుటే ఉంది. రోజూ డాబా మీంచి చూసేదే. దాని పేరు రాలేదు.

ఆవిడ గుడ్డ పట్టుకుని వంగి అలాగే ఉండిపోయింది. అమ్మ ముద్ద నమలడం ఆపి, ఏదో వెతుక్కుంటూ అలాగే చూసేది.

“నాకు కుడిచేతి వైపు సూర్యుడుండేవాడండీ, ఇప్పుడే తుడిచేశారు” అన్నాడు స్టూలు మీంచి పేర్రాజు, ఎవరితోనో కబుర్లు చెబుతున్నట్టు. “ఎడంచేతి వైపు ఇంకా ఉన్నాడు. పాపం, ఒక్కడే అయిపోయాడు.”

“చంద్రుడు” అంది కనకవల్లి. తుడిచింది.

చాపల మీద వాళ్ళు చాపలు చుట్టారు, మెట్లు దిగారు. మాస్టారు సుద్దల డబ్బా తెచ్చి ఆవిడ సంచిలో పెట్టారు. ఆవిడ దాన్ని బయటికి తీయబోయింది.

“చూశారుగా మాస్టారూ. ఇవాళ ఒకటి పోయింది. వచ్చే ఏటికి ఏడూ పోతే?”

మాస్టారు కిటికీ వైపు చూశారు. ఆరిపోతున్న ఉత్త గచ్చుని తల పక్కకి వాల్చి చూస్తూ, చూపుడువేలితో గాలిలో ఒక నిచ్చెన, దాని చివర ఒక నక్షత్రం గీసుకుంటున్నాడు పేర్రాజు.

“వాడింకా ఆ స్టూలు దిగలేదు, గమనించారా అమ్మా?” అన్నారు.