తవిటమ్మ కొస

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఎప్పుడని అడక్కండి, మీ తాతల తాతకి పళ్లు రాకముందు అనుకోండి. ఆ ఊళ్లో ఇసక ఎక్కువ, కొబ్బరిసెట్లు ఎక్కువ, తిండి తక్కువ. అందుకని మగోళ్లు ఓడెక్కి పోయీవోరు, సముద్రం అవతల దేశంలో బియ్యం మూటలు మోయడానికి. కొందరు తిరిగి రానేనేదు. వచ్చినోళ్లలో కొందరి ఒళ్లయితే వచ్చీది, మనిషి అక్కడే ఉండిపోయీవోడు.

ఎందుకంటారా? అక్కడ మేస్త్రీ ఉన్నాడు సూడండి, ఆడి కడుపు కాల! నడుం నొప్పి అన్నోడికల్లా కుంకుడుగింజంత నల్లమందు పెట్టీవోడు. నొప్పి పోయీది. మూట మీద మూట మోసీవోరు. ఇంటికొచ్చినాక మూట నేదు గానీ మందు కావాల. దొరక్కపోతే కాలు ఆగదు, సెయ్యి ఆగదు, కన్ను మూతపడదు.

అలగ వచ్చినోడు కూర్మయ్య. ఆడి పెళ్లాం దాలమ్మ నీళ్లసెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, కాళ్లయినా కడుక్కోకుండా ఎనక్కి తిరిగి రేవుకి పోనాడు. రేవు నుంచి దిబ్బకి, దిబ్బ నుంచి రేవుకి. నడిసినాడు, నడిసినాడు, నడిసినాడు. నావ కనిపిస్తే సాలు, "మందుందా? రవ్వంత మందుందా?" అంటూ పీకలోతు నీళ్లలోకి దిగిపోయీవోడు. రెండుపాల్లు అల లాగీసినాది. దాలమ్మ జుట్టట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చినాది. మూడోపాలి తనకి అందుతాడో అందడో అని కుమిలిపోయీది.

ఊరోళ్లు ఊరుకుంటారా? దెయ్యం పట్టిందని వేపమండలతో బాదినారు. ఏడిసినాడు, మళ్లీ నడిసినాడు. అమ్మోరికి పుంజుని కోసినారు. కూర తిన్నోళ్లకి బాగుంది, కూర్మయ్య మళ్లీ నడిసినాడు. ఇక కట్టీడమే అన్నాడు ఊరిపెద్ద. "పశువు బెదిరితే కట్టమా? ఇదీ అంతే."

తాడు కోసం తవిటమ్మ ఇంటికి పోనారు. తవిటమ్మంటే మొగుడు పోయిన మనిషి. కొబ్బరిపీచు నానేసి, కొట్టి, తాడు పేని అమ్ముకునీది. పెళ్లికి పిలవరు, ఎదురొస్తే తప్పుకుంటారు. తాడు కావాలంటే మాత్రం అందరికీ వరసలు గుర్తొస్తాయి! ఆమె మొగుడూ ఓడ దిగినోడే. ఆడినీ రాటకి కట్టినారు. ఆమె పేనిన తాడు, ఆమె సేత్తో ఇచ్చిన తాడు. మూడోనాటికి రాటకే ప్రాణం పోనాది.

"తవిటీ, తాడియ్యి," అన్నాడు ఊరిపెద్ద.

"నేదు బాబూ."

"సూరుకి ఏలాడతన్నదేటి మరి?"

"అది ఆవుకి. మనిషికయితే ఇంకా గట్టిది పేనాల. నాను కూకుని రాట్నం తిప్పాల, ఒకళ్లు పీచు వదుల్తూ ఎనక్కి నడవాల. నడవడానికి మనిషి దొరకట్నేదు. మీలో ఎవరొస్తారు?"

ఒకడికి మోకాలు నొప్పి, ఒకడికి నడుం పట్టు, ఊరిపెద్దకి పరువు.

"ఆ కూర్మయ్య ఎలాగూ నడస్తన్నాడు కదా. ఆడినే పంపండి," అంది తవిటమ్మ.

"ఆడిని కట్టీ తాడు ఆడి సేతే పేనిస్తావా?" అని పకపకా నవ్వినారు. నవ్వుతూనే పంపినారు.

తవిటమ్మ ఆడి సంకలో పీచు పెట్టినాది. కొస రాట్నానికి తగిలించినాది. "నా మొహం సూస్తూ ఎనక్కి నడు," అంది. ఆడు నాలుగడుగులేసి, పీచు ఇసిరికొట్టి రేవుకి పరుగెట్టినాడు. ఆమె తిట్టనేదు. తెగిన కాడ ముడేసి, ఆడొచ్చీదాకా కూకున్నాది. మర్నాడు ఇసక తీసి ఆమె కళ్లలో కొట్టినాడు. కళ్లు కడుక్కుని మళ్లీ రాట్నం పట్టినాది. మూడోనాడు నడస్తా నడస్తా బావురుమన్నాడు.

"పిన్నమ్మా, ఎముకల్లో సీమలు పాకతన్నాయి. నన్ను కట్టీ. నా మీద నాకే భయమేస్తంది, నీళ్లలో పడిపోతాను."

"మీ బాబాయీ ఇలాగే అడిగినాడు నాయనా. తాడిచ్చినాను. ఆ పాపం నన్నింకా తింటంది. నిన్ను కట్టను. పారిపోతే పారిపో, మళ్లీ రా. నాను ఈ కొసనే ఉంటాను."

సందెకి ఊరిపెద్ద వచ్చీవోడు. "తాడయ్యిందా?"

"ఇంకో బారెడు కావాల బాబూ."

వానలు పోయినాయి. "తాడయ్యిందా?" "ఇంకో బారెడు కావాల బాబూ." సలి పోనాది. అదే అడుగు, అదే జవాబు. పేనిన తాడు పేనినట్టే దాలమ్మ సంతకి పట్టుకుపోయి అమ్మీసీది. ఊరిపెద్దకి ఎప్పటికి తెలుస్తాది?

మరి కూర్మయ్యకి నయమైపోయిందా అంటారు. నయమేటి నా తలకాయ! నెలకోపాలి పారిపోయీవోడు. మట్టికొట్టుకుని, సిగ్గుతో సచ్చిపోతా తిరిగొచ్చీవోడు. "వచ్చినావా? కొస పట్టు," అనీది తవిటమ్మ. అంతే. గంజి తాగడం నేర్సినాడు. ఒక జాము నిద్దరోడం నేర్సినాడు. కూకోవడం మాత్రం ఆడికి రానేనేదు, అన్నం కూడా నిలబడే తినీవోడు.

ఓనాడు ఆడు ఆ కొసనుండగా రాట్నం ఆగిపోనాది. తవిటమ్మ తల వాలిపోనాది. అప్పుడే రేవులోకి నావ వచ్చినాది. ఊరోళ్లంతా రేవు దారికి అడ్డం పరుగెట్టినారు, ఇంక ఈడు ఆగడని. ఆడు రేవుకేసి సూడనైనా సూడనేదు. పీచు సంకనే పెట్టుకుని ఆమె కాడికొచ్చి, "పిన్నమ్మా, పిన్నమ్మా," అని పిలిసినాడు. ఆమె పలకనేదు.

ఆమెని మట్టిసేసి వచ్చేసరికి ఊరిపెద్ద తవిటమ్మ గుమ్మంలో ఉన్నాడు. "ఆ నావలో ఇంకోడు దిగినాడు. నీలాగే ఒణుకుతా నీళ్లలో పడతన్నాడు. తవిటి పోనాది. అయినకాడికి తాడియ్యి, కట్టీస్తాం."

కూర్మయ్య రాట్నం ముందు మెల్లిగా కూకున్నాడు. ఓడ దిగినకాడి నుంచీ ఆడు కూకోవడం సూడని దాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడిసినాది.

"ఆడిని నా కాడికి పంపండి," అన్నాడు.

ఇప్పటికీ ఆ తీరంలో దూరదేశం నుంచి ఎవడైనా కుదురునేక వస్తే, ఏం తెచ్చినావని ఎవరూ అడగరు. "తవిటమ్మ కొస పట్టు నాయనా," అని సేతికి పీచిస్తారు. అందరూ నిలబడతారా? నిలబడరు. పీచు పారేసి పోయినోడు పోతాడు. ఆడు పారేసిన పీచుని మాత్రం ఇంకో తాడులో కలపరు. ఎత్తి, దులిపి, ఆడి పేరెట్టి, ఆడు మళ్లీ వస్తే ఉండాలని సూరులో దోపుతారు. కొన్ని సూరుల్లో ఆ పీచు నల్లబడిపోనాది. అయినా తీయరు.