నక్కకిచ్చిన గంట నాలుక

అరవై మూడు గొర్రెలు, ఇరవై ఒక్క పిల్లలు, ఒక గంట. అనగనగా ఒక కొండ అడవిలో కొమ్ములయ్య అనే పొట్టేలుకు మొదటి రోజు అప్పగించినది ఇంతే.

కాపరి అవతలి కొండకు వెళుతూ ఆ గంటను కొమ్ములయ్య మెడలో కట్టాడు. పాత కంచు గంట అది. ఒకప్పుడు కింద ఊరి చర్చిలో దివ్యబలిపూజ వేళ మోగేది.

"ఇది నీ మెడలో ఉంటుంది కానీ నీది కాదు, మందది" అన్నాడు కాపరి. "మంచు కమ్మితే నువ్వు ఎవరికీ కనిపించవు. వినిపించాలి. నేను తిరిగి వచ్చేదాకా ఇది మోగుతూ ఉండాలి."

"మోగుతుంది" అన్నాడు కొమ్ములయ్య.

మూడు నెలలు మోగింది. మంద క్షేమంగా ఉంది. కొమ్ములయ్య పేరు కొండంతా పాకింది. పాడుబడిన కోటలో ఉండే నక్క దొర స్వయంగా దిగి వచ్చాడు.

"పొట్టేలుగారూ, ఆదివారం మా ఇంట విందు. మీలాంటి పెద్దలు గొర్రెల మధ్యే ఉండిపోతే ఎలాగండీ? నలుగురిలోకీ రావాలి."

కొమ్ములయ్య వెళ్లాడు. ముద్ద ముద్దకీ గంట మోగింది. నక్క దొర చెవులు మూసుకున్నాడు.

"గంటలో కాస్త దూది పెడదామా? ఈ పూటకే."

ఒక్క పూటే కదా అని కొమ్ములయ్య మెడ చాపాడు. తిరిగొచ్చాక కూడా దూది తీయలేదు.

మందలో అందరికన్నా పెద్దది బూడిదక్క. కొమ్ములయ్యను చిన్నప్పటి నుంచి ఎరుగును. "ఏం నాయనా, గంటకు జలుబు చేసిందా?" అంది.

"ఎప్పుడూ మోత ఎందుకక్కా? కాలం మారింది. నక్కలు కూడా మనల్ని మెచ్చుకోవాలి."

"నక్కలు మెచ్చుకునే గంట మాకెందుకు?"

రెండో ఆదివారం నక్క దొర గంటకు బంగారు రేకు చుట్టించాడు. బూడిదక్క మనవరాలు బుడిగి ఎగిరి గంతులేసింది. "అమ్మమ్మా, పెద్దాయన గంట ఎంత మెరుస్తోందో చూశావా?"

"మెరుపు చెవికి వినిపించదే తల్లీ" అంది బూడిదక్క.

మూడో ఆదివారం నక్క దొర దూది తీసి గంటలోకి తొంగి చూశాడు. "ఇంత అందమైన గంటలో ఈ ఇనప నాలుక ఏం బాగుందండీ? నా దగ్గర ఉంచండి. భద్రంగా దాస్తాను."

కొమ్ములయ్యకు కాపరి మాట గుర్తొచ్చింది. విందులో అందరూ తననే చూస్తున్నారు. కాదంటే ఏమనుకుంటారో అనిపించింది. మళ్లీ మెడ చాపాడు.

బుధవారం ఉదయం మంచు కమ్మింది. ముందున్న తోక కూడా కనిపించనంత మంచు. లోయ దాటి మేతకు వెళ్లాలి. కొమ్ములయ్య ముందు నడిచాడు. కాసేపటికి వెనక ఒక్క అడుగు చప్పుడూ లేదు.

అప్పుడు కోట వైపు నుంచి గంట మోగింది.

నక్క దొర ఆ నాలుకతో రాగి బిందెను కొడుతున్నాడు. "అదిగో పెద్దాయన!" అంటూ పిల్లలన్నీ అటు పరుగెత్తాయి.

"ఆగండి" అని అరిచింది బూడిదక్క. "మన గంట నడకతో పాటు కదులుతుంది. ఇది ఉన్నచోటే మోగుతోంది."

పెద్దవి ఆగాయి. పిల్లలు ఆగలేదు.

ఆ మోత ఎక్కడిదో కొమ్ములయ్యకు వెంటనే తెలిసింది. పక్కనే ఉన్న బండ మీద గంటను బలంగా కొట్టాడు. రేకు చిరిగింది. మళ్లీ కొట్టాడు. రేకు ఊడి వేలాడింది. మూడోసారి కొట్టేసరికి కంచు పాత గొంతుతో మోగింది. ఆ మోత పిల్లలు పుట్టినప్పటి నుంచి విన్నదే. అవి గిరుక్కున తిరిగాయి.

కొమ్ములయ్య కొడుతూనే, ఒక్కొక్కటిగా తన దగ్గరికి చేరినవాటిని లెక్కపెట్టాడు. పెద్దవి అరవై మూడు. పిల్లలు ఇరవై.

"బుడిగి రాలేదు నాయనా" అంది బూడిదక్క.

"తప్పు నాది అక్కా. నాలుక నేనే ఇచ్చాను."

"తెలుసు. ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది. ముందు గంట కొట్టు."

కొట్టాడు. అందరూ చెవులు రిక్కించారు. కోట మెట్ల వైపు నుంచి సన్నగా "మే" అని వినిపించింది.

"ఉంది" అన్నాడు కొమ్ములయ్య. "అక్కా, వీళ్లను ఇక్కడే ఉంచు. నేను కోటకు వెళ్తున్నాను."

"విందుకా?" అంది బూడిదక్క కళ్లు తుడుచుకుంటూ.

"వాళ్ల విందు చెడగొట్టడానికి."

వేలాడుతున్న బంగారు రేకును కాలి కింద తొక్కి తెంపేశాడు. కొమ్ములు సరిచూసుకున్నాడు. ఎదురుగా ఉన్న మొదటి రాయికి గంటను గట్టిగా కొట్టి, కోట వైపు అడుగు వేశాడు.

నీతి: మందను నడిపించే గురువు లోకం మెప్పు కోసం తన గొంతు వదులుకుంటే, ఆ గొంతుతోనే నక్క మందను పిలుస్తుంది.