ఎడమ గొట్టం

ఆ ఉదయం ఓదెలుకు వచ్చిన చిక్కు ఒక్కటే. జంట గొట్టాల రైఫిల్‌లో కుడి గొట్టం చెప్పినట్టు వింటోంది, ఎడమ గొట్టం వినడం లేదు.

యుద్ధం రోజులు. నిర్మల్‌లో ఖాదర్ వలీ ఉస్తాద్ తుపాకుల దుకాణానికి అడవుల శాఖ దొర తన రైఫిల్ పంపించాడు. కడెం అడవిలో ఒక పులి అప్పటికే నలుగురిని తినేసింది. రేపు డప్పులు కొట్టించి దాన్ని బయటికి తోలిస్తారు. దొర నేల మీద ఎదురుగా నిలబడతాడు. అయితే ఆ రైఫిల్‌కు అలవాటైన బరువు గుండ్లు యుద్ధం పుణ్యమా అని ఎక్కడా లేవు. దొరికినవి తేలిక గుండ్లు. వాటితో గురి కుదురుతుందో లేదో చూసి మధ్యాహ్నానికి సిద్ధంగా ఉంచమని దొర కబురు.

జంట గొట్టాల రైఫిల్‌తో వ్యవహారం మామూలు తుపాకీలా ఉండదు. పక్కపక్కనున్న రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టాలని, ఏదో ఒక బరువు గుండుకు తగ్గట్టు వాటిని అతికిస్తారు. గుండు బరువు మారిందా, రెండూ తలో దారి పడతాయి. మొదటి దెబ్బకు పడని పులి మీదికి వస్తుంది. అప్పుడు మనిషికి మిగిలేది రెండో గొట్టం ఒక్కటే.

"పరీక్ష నువ్వే చెయ్" అన్నాడు ఉస్తాద్, తన దగ్గర పనిచేసే ఓదెలుతో. "మంచిగ కొడితే నీ ముద్రనే ఏద్దాం."

ఆ దుకాణంలో అదొక ఆనవాయితీ. పరీక్షలో నెగ్గిన తుపాకీ అడుగున ముద్ర పడుతుంది. ముద్ర పడ్డాక దాన్ని ఇంకెవరూ మళ్లీ పరీక్షించరు, నమ్ముకుని అడవిలోకి పోతారు. పదకొండేళ్లుగా ఓదెలు ఉస్తాద్ ముద్రే కొడుతున్నాడు. తనదంటూ ఒక చిన్న చేప బొమ్మను ఉక్కు మీద చెక్కుకుని రెండేళ్లుగా మొలకు కట్టుకు తిరుగుతున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

దుకాణం వెనక మట్టిదిబ్బ ముందు టేకు చెక్క పాతి ఉంది. దాని మీద సున్నా గీసిన కాగితం అంటించి, యాభై గజాల నుంచి కొట్టాడు. కుడిది, వెంటనే ఎడమది. గొట్టాలు చల్లారేదాకా ఆగి, మళ్లీ రెండూ. కుడి గొట్టం ప్రతిసారీ రూపాయి బిళ్లంత సున్నాలో కొట్టింది. ఎడమది ప్రతిసారీ సున్నాకు బెత్తెడు కుడివైపు కొట్టింది. ఐదు కాగితాలూ అంతే. తేలిక గుండు తొందరగా బయటపడుతుంది, దెబ్బకు గొట్టం కదిలి సర్దుకునే లోపే వెళ్లిపోతుంది. అది ఓదెలుకు తెలియని సంగతేమీ కాదు. సరిచేయాలంటే తూటాల్లో మందు మార్చి మార్చి చూడాలి. వారం పని.

ఆరోసారి చెయ్యి జారింది. ఆ జారడంలో ఎడమ గుండు పోయి పోయి సున్నాలోనే పడింది. ఉత్త గుడ్డి దెబ్బ.

ఓదెలు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. మిగతా ఐదింటినీ మడిచి ఇసుక బస్తా కింద తోశాడు. దొర మంచి వేటగాడు, ఒక్క దెబ్బకే పులిని పడగొడతాడు, రెండోదాని అవసరమే రాదు అని తనకు తానే నచ్చజెప్పుకుంటూ ఉస్తాద్ దగ్గరికి నడిచాడు.

"రెండూ ఒక్క జాగనే కొడుతున్నయ్ ఉస్తాద్."

డెబ్బై ఏళ్ల ఉస్తాద్ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. తర్వాత ఓదెలు ముఖం చూశాడు.

"మాషా అల్లా" అన్నాడు. "నాకు గూడ ఒకసారి కొట్టి చూపియ్, పా."

కర్ర సాయంతో దిబ్బ దాకా నడిచి వెళ్లాడు. చెక్క మీద కొత్త కాగితం అంటించాడు. అక్కడి నుంచి తిరిగి రాలేదు. చెక్కకు కుడిపక్కన నేల మీద చతికిలబడి, తల దానికి ఆనించాడు. సున్నాకూ ఆయన చెవికీ మధ్య బెత్తెడు జాగా ఉంది.

"ఊఁ, కొట్టు. కుడిది, ఎన్కనే ఎడమది."

ఓదెలుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఉస్తాద్, జర ఇవతలికి రాండ్రి!"

"ఎందుకు? ఒక్క జాగనే కొడుతున్నయ్ అంటివి గద."

ఎడమపక్కన కూర్చోవచ్చు కదా ఈ ముసలాయన! తెలిసే కుడిపక్కన కూర్చున్నాడా? అడిగితే తన గుట్టు బయటపడుతుంది. అడగకపోతే కాల్చాలి. ఓదెలు రైఫిల్ ఎత్తాడు. అరచేతులు చెమటకు జారుతున్నాయి. గురి మీద కన్ను నిలిపితే తెల్లగడ్డమే కనిపిస్తోంది. కుడి గొట్టం మాట తప్పదు, అది మాత్రం నిజం. ఊపిరి బిగబట్టి, కుడి గొట్టాన్ని పేల్చే ముందు మీట నొక్కాడు.

దిబ్బ మీద దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే సున్నాలో బెజ్జం. ఉస్తాద్ కదల్లేదు. కళ్లు మాత్రం మూసుకున్నాడు.

"ఎడమది!" అని అరిచాడు అక్కడి నుంచే.

ఓదెలు వేలు వెనక మీటకు వెళ్లింది. అప్పుడు అతనికి ఒక ఉపాయం తట్టింది. గురిని బెత్తెడు ఎడమకు జరిపితే చాలు. గుండు సరిగ్గా సున్నాలో పడుతుంది. ఉస్తాద్ ఒంటి మీద ఈగ కూడా వాలదు. చేప ముద్ర పడుతుంది. రైఫిల్‌ను కొంచెం ఎడమకు తిప్పాడు కూడా.

మరి ఇందాకటిలా చెయ్యి జారితే?

ఆ ఆలోచన వచ్చిన తర్వాత వేలు అతని మాట వినలేదు. రేపు దొర గురిని ఎడమకు జరపడు. జరపాలని ఆయనకు ఎవరు చెప్పారు? ఆయన ముద్రను చూసి నమ్మి, గాయపడి దూకే పులి ముఖానికి నేరుగా ఎడమ గొట్టం పెడతాడు.  ఓదెలు పళ్లు టకటకా కొట్టుకున్నాయి. రైఫిల్‌ను నడుమ దగ్గర మడిచి, పేలని తూటాను వేళ్లతో బయటికి లాగడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. దాన్ని నేల మీద పడేసి పరుగెత్తాడు.

"ఐదు కాయితాలు దాచిన ఉస్తాద్" అంటూ ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "ఎడమది బెత్తెడు కుడికి వోతున్నది. మీ కణతకు తగిలేది. రేపు ఇది దొర చేతికి పోవద్దు. నా ముద్ర వద్దు, ఏమొద్దు."

"పోదు" అన్నాడు ఉస్తాద్. "వారం ఆగుమని దొరకు నేను చెప్పుకుంట. జర లేపు నన్ను."

ఓదెలు ఆయన చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. ముసలాయన కాళ్లు నిలవలేదు.  కుర్తా వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పదకొండేళ్లలో ఆయన చెయ్యి వణకగా ఓదెలు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఆ చెయ్యి తన భుజం మీద ఒక చోట నిలవడం లేదు.

"ఇంత భయం పెట్టుకోని ఎట్ల కూసున్నరు ఉస్తాద్?"

 ఉస్తాద్ ఊపిరి కూడదీసుకున్నాడు.

"నాకు భయమైతదని నాకు ఎర్కనే బేటా" అన్నాడు. "నీకు అయితదా కాదా అన్నదే ఎర్క లేకుండె."