వీపు మాత్రమే దువ్విన పిల్లి

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాను. ఐదో తరగతి దాటలేదు. త్రిపురమ్మ చెప్పింది చెప్పినట్టు, నేను కళ్ళారా చూసింది చూసినట్టు పెడుతున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

కొవ్వూరుకి ఎగువన, గోదావరి గట్టుమీద పెద్దమ్మగారి ఆశ్రమం. ఆవిడకొక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. దేవుడున్నాడా అని అడిగిన లెక్చరరుగారి చేత ఒకసారి బస్తాడు చింతపండు గింజలు తీయించారు. ఆయన మళ్ళీ అడగలేదు. అందుకని పాతవాళ్ళు నోరు తెరిచేముందు తమ నడుము వంగుతుందో లేదో చూసుకుని మరీ తెరుస్తారు.

త్రిపురమ్మ వచ్చి పదకొండేళ్ళయినా ఒక్క ప్రశ్నా అడగలేదు. నలభై ఏడేళ్ళ మనిషి. ఇల్లు ఊడ్చి ఉంటేనే ఆమె అటు వచ్చివెళ్ళిందని తెలిసేది, అంత నెమ్మది. ఆ ఏడు మాఘంలో ఆమెకి ఎడమ చంకలో గడ్డ లేచింది. మొదట రేగుపండంత ఉన్నది, శ్రావణం వచ్చేసరికి నిమ్మకాయంత అయింది. చెయ్యి పైకెత్తితే ప్రాణం జిల్లుమనేది. ఎవరితోనూ అనలేదు. అంటే చూపించమంటారు, చూపించడానికి సిగ్గు. పైగా దేహబాధ ఓర్చుకోవడమే సాధన అనుకుంది. అలా అనుకున్నాక సిగ్గుకి కూడా ఒక గౌరవం వచ్చింది.

ఉగాది వెళ్ళాక రాజమండ్రి నుంచి ఒక బ్యాంకు ఆఫీసరుగారు, బదిలీ మీద దూరం వెళుతూ, తమ పిల్లిని ఆశ్రమంలో వదిలిపెట్టారు. మన ఊరపిల్లి కాదు. ఒళ్ళు మీగడరంగు, మొహమూ తోకా మసిపట్టినట్టు నలుపు, కళ్ళు నీలం. ఆ జాతిని రాగ్‌డాల్ అంటారట, అంటే గుడ్డబొమ్మ. ఎత్తుకుంటే నిజంగానే ఒళ్ళంతా వదిలేసి తడిచీరలా చేతిమీద వాలిపోయేది. ఎవరు ఎలా పట్టుకున్నా గోరు తీయదు, పన్ను చూపదు. “దీనికి పోట్లాడటం రాదమ్మా, గేటు దాటనివ్వకండి. రోజూ దువ్వండి” అని చెప్పి ఆయన కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు.

వారం తిరక్కుండా దానికి శాంతమ్మ అని పేరు పడింది. వచ్చినవాళ్ళు దాన్ని తాకి చెయ్యి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. మనకి అబ్బనిది దీనికి పుట్టుకతోనే అబ్బింది అన్నారు. గురువారం గురువారం త్రిపురమ్మ దానికి పసుపునీళ్ళు పోసి, పైపైన తుడిచి, వీపు నిగనిగలాడేలా దువ్వి, నుదుట కుంకుమ పెట్టి, పెద్దమ్మగారి పక్కన పీటమీద కూర్చోబెట్టేది. అది పెట్టినచోటే ఉండేది. త్రిపురమ్మ దాన్ని చూసినప్పుడల్లా తన చంకలో పోటుని ఇంకాస్త లోపలికి నొక్కుకునేది.

శ్రావణంలో ఒక బుధవారం, అందరం వరండాలో బియ్యం ఏరుతుండగా, ఆమె నోరు తెరిచింది.

“పెద్దమ్మగారూ, ఒక మాట అడగొచ్చాండీ?”

ఏరే చేతులన్నీ ఆగిపోయాయి.

“ఓర్పు నిండిందని మనిషికి ఎలా తెలుస్తుందండీ? మన శాంతమ్మలాగా, ఏమైనా కిక్కురుమనకుండా ఉంటే, అదేనాండీ?”

పెద్దమ్మగారు పిల్లివైపు చూశారు. అది గోనెపట్టామీద పడుకుని ఉంది. “రెండ్రోజులుగా అది నా మంచమెక్కడం లేదేం?” అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. “వీపు రోజూ దువ్వుతున్నావుగా. ఇవాళ పొట్ట దువ్వుకురా, చెబుతాను.”

వంట గవరమ్మ ఫక్కున నవ్వింది. “మాకేమో చింతపండు బస్తాలూ, త్రిపురకి పిల్లి పొట్టానా! పెట్టిపుట్టావే తల్లీ!”

త్రిపురమ్మ దాన్ని ఒళ్ళో వెల్లకిలా తిప్పింది. దువ్వెన దిగలేదు. వేళ్ళు పెట్టింది, వేళ్ళూ దిగలేదు. పొట్టకింది బొచ్చంతా ఒకటే అట్టకట్టి కొబ్బరిపీచు చాపలా ఉంది. ముందుకాలు ఎత్తబోతే రాలేదు. చంకలో బొచ్చు, రొమ్ముమీద బొచ్చు కలిసి ముడిపడి కాలిని ఒంటికి కుట్టేసినట్టు బిగించేశాయి. కొంచెం గట్టిగా లాగింది. అట్ట కాస్త లేచింది, దానితోపాటు తోలూ లేచింది. కింద ఎర్రటి పచ్చిపుండు. అందులో తెల్లగా మెదులుతున్నాయి.

పిల్లి అరవలేదు. గీరలేదు. ఆమె మొహంలోకి చూసి గురగురమంది.

త్రిపురమ్మ ఆ అట్టని వేళ్ళతో పట్టుకునే ఉంది. రోజూ రెండుపూటలా ఎత్తుకుని తిప్పిన ప్రాణి! ముద్దుపెట్టుకున్న ప్రాణి! “అయ్యబాబోయ్, పురుగులు!” అని అరిచింది గవరమ్మే. పెద్దమ్మగారు చేతికర్ర పక్కన పడేసి, వచ్చి నేలమీద కూలబడ్డారు. “ఆటో పిలవండి” అన్నారు. ఆ గొంతు మేమెవరం ఎప్పుడూ వినలేదు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరుగారు మిషను పెట్టి ఆ బొచ్చంతా తీస్తే గొంగళి ముక్కలా ఒక్క అట్టగా ఊడివచ్చింది. కింద ఉన్నది గుప్పెడు పిల్లి.

“ఏం పెడుతున్నారు దీనికి?”

“పాలన్నం అండీ.”

“మాంసం తినే జంతువుకి కూడా సన్యాసం ఇచ్చేశారన్నమాట!” ఆయన పురుగులు ఏరుతూనే తిట్టారు. “స్నానం ఎవరు చేయించేది?”

“నేనేనండీ. వారానికోసారి.”

“చిక్కు తీసి పొయ్యాలమ్మా నీళ్ళు. చిక్కుమీద పోస్తే ముడి ఇంకా బిగుస్తుంది. ఇన్ని వారాలూ మీ చేత్తో మీరే బిగించారు. ఊరపిల్లి అయితే మొదటిరోజే మీ చెయ్యి చీరేసి బతికిపోయేది. ఈ జాతి మెత్తనిది, దానికి అది చాతకాదు. ఇంకో నాలుగు రోజులాగితే నా దగ్గరికి తెచ్చే పనే ఉండేది కాదు.”

ఇంజక్షన్లు చేసి, సాయంత్రందాకా చూసి చెబుతానన్నారు. త్రిపురమ్మా, పెద్దమ్మగారూ బయట సిమెంటు బల్లమీద కూర్చున్నారు. త్రిపురమ్మ అంది, “నా చేతులు విరిగిపోనండీ. రోజూ చూశాను.”

“నేనూ చూశాను. వీపు” అన్నారు పెద్దమ్మగారు. “పక్కన కూర్చోబెట్టుకుని దండాలు పెట్టించుకున్నాను.” తర్వాత అడిగారు. “నీ ప్రశ్న ఇంకా ఉందా?”

త్రిపురమ్మ కుడిచెయ్యి ఎప్పుడు వెళ్ళిందో, పమిట కింద ఎడమ చంకని పట్టుకుని ఉంది. పెద్దమ్మగారి చూపు అక్కడ ఆగింది. లోపల పిల్లిని చూసినప్పటికంటే ఎక్కువ అదిరిపడ్డారు.

“ఎన్నాళ్ళుగా?”

“మాఘం నుంచండీ.”

ఆవిడ వేళ్ళమీద నెలలు లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశారు. ఓర్పు గురించిగానీ, దేహం గురించిగానీ ఏమీ చెప్పలేదు. ఒక్కటే అన్నారు.

“దానికి నోరు లేదు, త్రిపురా.”

సాయంత్రం డాక్టరుగారు బయటికి వచ్చి, పిల్లి చేపముక్క వాసన చూసిందనీ, బతకొచ్చనీ చెప్పారు.

మర్నాడు పొద్దున్న త్రిపురమ్మ పెద్దమ్మగారితో కలిసి మొదటి బస్సుకి రాజమండ్రి పెద్దాస్పత్రికి వెళ్ళింది. ఎక్కడమ్మా నొప్పి అని లేడీ డాక్టరు అడిగితే, అంతమంది నర్సుల ముందూ జాకెట్టు సడలించి, ఎడమచెయ్యి ఎత్తగలిగినంత పైకెత్తి చూపించింది. డాక్టరు గడ్డమీద వేలు పెట్టి నొక్కారు. త్రిపురమ్మ గొంతు చించుకుని అరిచింది. బయట వరసలో కూర్చున్న పెద్దమ్మగారు ఆ కేక విని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు.