ఏటి బాట, గరటయ్య కంచె

అనగనగా ఒక అడవి. అడవంటే చెట్లూ పుట్టలూ అనుకునేరు, అది ఎప్పుడో పట్నమైపోయిన అడవి. వీధులున్నాయి, వీధి దీపాలున్నాయి, దున్నపోతులు లాగే బళ్ళతో కిటకిటలాడే పెద్ద రోడ్డుంది. ఆ రోడ్డుకు దిగువన ఒక ఏరు పారేది. పేరు చిలకలేరు. పట్నం వాళ్ళు దాని మొహం చూడటం మానేసి చాలా కాలమైంది. చెత్త పారబొయ్యడానికి తప్ప ఎవరూ అటు దిగేవారు కాదు.

గరటయ్య మాత్రం అక్కడే ఉండేవాడు. గరటయ్య ఒక ఉడుము. ఏటి గట్టు మీద ఆయన బొరియ. బొరియ ముందు ఒక చదును బండ. బండ చుట్టూ ఒండ్రు మట్టిలో దోసపాదులు. పొద్దున్నే బండ మీద బోర్లా పడుకుని ఎండ కాగడం, ఎండెక్కాక పాదులకు నీళ్ళు పొయ్యడం. అంతకు మించి ఆయనకు పని లేదు, అక్కర్లేదు కూడా. "ఒక్కడివే ఎలా ఉంటావయ్యా?" అని ఎవరైనా అడిగితే, "ప్రశాంతంగా ఉంటాను" అనేవాడు.

అలాగని బొత్తిగా ఒంటరివాడేం కాదు. రోజూ పొద్దున్నే కింది రేవు నుంచి కూర్మన్న వచ్చేవాడు. కూర్మన్న తాబేలే గాని మెట్ట తాబేలు, ఈత రాదు. డిప్ప మీద చుక్కల చుక్కల మచ్చలు. నీళ్ళ ఒడ్డునే రెల్లు పొదల్లోంచి నడిచి నడిచి, బండ మీదికి ఎండ వచ్చే వేళకి చేరుకునేవాడు. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

"ఏం బావా, నిన్న బయల్దేరావా?" అనేవాడు గరటయ్య.

"మొన్న. ఇంతకీ దోసకాయ కోశావా, లేకపోతే నేను వచ్చేదాకా నిద్రేనా?" అనేవాడు కూర్మన్న.

లేత దోసకాయ చెరి సగం తిని, ఏటిని చూస్తూ కూర్చునేవారు. మాట్లాడుకునేది తక్కువే. పక్కన మనవాడొకడు ఉన్నాడంటే మనసుకి హాయి, అంతే.

ఇలా ఉండగా పట్నంలో ఒక సమస్య పుట్టింది. నడవడానికి చోటు లేదు. ఎలుగుబంటికి షుగరొచ్చింది. తేనె మానేసి రోజూ నడవమని డాక్టరు కొంగ చెప్పింది. ఎక్కడ నడుస్తాడు పాపం? రోడ్డెక్కితే బళ్ళు. కుందేళ్ళు ముచ్చటపడి సైకిళ్ళు కొనుక్కున్నాయి గాని, వాటిని వాకిట్లోనే గుండ్రంగా తొక్కుకునేవి.

దుప్పి సూరమ్మ ఆ పట్నానికి చైర్మన్. ఆవిడ అందర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"ఏటి గట్టు వెంబడి ఒక బాట వేద్దాం. పై రేవు నుంచి కింది రేవు దాకా. నడిచేవాళ్ళు నడుస్తారు, తొక్కేవాళ్ళు తొక్కుతారు. బండి మాత్రం దిగడానికి వీల్లేదు. ఏమంటారు?" అంది.

అందరూ సరేనన్నారు. చెత్త ఎత్తారు. ముళ్ళ కంపలు నరికారు. ఎర్రమట్టి పోసి దిమ్మిస కొట్టారు. పై రేవు నుంచి కొందరు, కింది రేవు నుంచి కొందరు పని మొదలుపెట్టారు. రెండు వైపుల నుంచీ బాట పాక్కుంటూ వచ్చి గరటయ్య దోసపాదుల దగ్గర ఆగింది. రెండు ముక్కలూ కలవాలంటే ఆ కాస్త చోటే మిగిలింది.

నిజం చెప్పాలంటే ఆ చోటు గరటయ్యది కాదు. బొరియ ఆయనది, బండ ఆయనది. పాదుల కోసమని ఏటా కాస్త ముందుకు జరిగి జరిగి నీళ్ళ దాకా వెళ్ళాడు. ఎవరూ అడగలేదు కాబట్టి అది ఆయనదే అయిపోయింది.

మొదట ముంగిస మేస్త్రి వచ్చాడు. "గరటయ్య మావా, బండ జోలికి రాం. దానికి ఏటి వైపుగా రెండు బారల వెడల్పు ఇస్తే చాలు" అన్నాడు.

"ఇవాళ రెండు బారలంటావు. రేపు బొరియ మీదే కూర్చుంటావు. కుదరదు" అన్నాడు గరటయ్య.

తర్వాత సూరమ్మ స్వయంగా వచ్చింది. "బలవంతంగా లాక్కోవడం నాకిష్టం లేదు గరటయ్యా. నువ్వు ఊ అంటేనే వేస్తాం. కాదంటే బాట నీ గట్టు దగ్గర ఆగిపోతుంది, అంతే" అంది.

"ఆగనివ్వమ్మా. ఊరంతా నా బండ పక్కనుంచి పోతుంటే నేను ఎండ కాగేదెలా? పాదుల మీద కాయ మిగులుతుందా? సైకిలు గంటలు వింటూ బతకడం నా వల్ల కాదు."

సూరమ్మ వెనక్కి తిరిగింది. ఉడుంపట్టు అన్న మాట ఊరికే పుట్టలేదని ఆవిడకు తెలుసు.

ఆవిడ అటు వెళ్ళగానే గరటయ్య తుమ్మ కంప లాక్కొచ్చి పై వైపు ఒక కంచె, కింది వైపు ఒక కంచె వేశాడు. గట్టు మీద నుంచి నీళ్ళ దాకా, వేలు దూరే సందు కూడా లేకుండా వేశాడు.

మర్నాడు పొద్దున్న కూర్మన్న వచ్చి కింది కంచె అవతల నిలబడ్డాడు.

"బావా, కాస్త సందు పెట్టు. లోపలికి రావాలి."

గరటయ్య ఇటు నుంచి చూశాడు. డిప్ప మీద మట్టి కూడా దులుపుకోకుండా నడిచొచ్చిన నేస్తం. పెడదామనే అనుకున్నాడు. కానీ బాట చివర అప్పుడే ఇద్దరు ముగ్గురు తొంగి చూస్తున్నారు.

"నీకు సందు పెడితే నీ వెనకాల ఊరంతా దూరుతుంది బావా. కాస్త శ్రమ అనుకోకుండా రోడ్డు మీద నుంచి చుట్టు తిరిగి బొరియకి రోడ్డు వైపున్న గుమ్మంలోకి రా" అన్నాడు.

"రోడ్డు మీద బళ్ళు తిరుగుతుంటాయి కదా."

"అంచున నడువు. నిన్నెవడు తొక్కుతాడు?"

కూర్మన్న సరేలే అని గట్టెక్కాడు. ఆ రోజు నుంచి రోడ్డంచున నడిచి, ఆ గుమ్మంలోంచే వచ్చేవాడు. వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. దోసకాయ వాడిపోయి ఉండేది. అయినా రావడం మానలేదు.

బాట మీద నడక మొదలైంది. ముక్కలైనా సరే, జనం విరగబడ్డారు. ఇక్కడే గరటయ్య లెక్క తప్పింది.

దారంటూ ముందుకు పోతే నడిచేవాళ్ళు కూడా ముందుకు పోతారు. దారి ఆగిపోతే వాళ్ళూ అక్కడే ఆగుతారు. నడక వాళ్ళకు ఒక అలవాటుంది. ఎక్కడి దాకా వెళ్ళాలో అక్కడ ఏదో ఒకదాన్ని ముట్టుకుని వెనక్కి తిరిగితే గాని నడిచినట్టుండదు. పై రేవు వాళ్ళు పై కంచెను ముట్టుకోవడం మొదలుపెట్టారు. కింది రేవు వాళ్ళు కింది కంచెను. ముళ్ళు గుచ్చుకుంటాయని దానికొక పాత గుడ్డ కూడా కట్టుకున్నారు.

ఎలుగుబంటి ఆయాసపడుతూ వచ్చి గుడ్డ ముట్టుకుని, "అమ్మయ్య, అయింది" అని అక్కడే చతికిలబడేవాడు. కుందేళ్ళు సైకిళ్ళు తిప్పుకుంటూ ఒకదానికొకటి తగలకుండా గంటలు కొట్టేవి. ఇంతమంది ఆగుతున్నారని చూసి కాకి చిట్టెమ్మ కంచె పక్కనే పొయ్యి పెట్టి మిరపకాయ బజ్జీలు వెయ్యడం మొదలెట్టింది. బజ్జీలు తినేవాళ్ళు కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళు ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకుంటారు. తిని తిని బోరు కొట్టిన వాళ్ళు కంచె మీంచి మెడ చాచి, "ఆ ఉడుము చూడు, ఎలా పడుకున్నాడో" అనేవారు.

గరటయ్య అటు తిరిగి పడుకుంటే అటూ కంచే, ఇటు తిరిగి పడుకుంటే ఇటూ కంచే. ఎండ కాగడం మానేశాడు. నూనె పొగకి పాదులు మసకబారాయి. ప్రశాంతంగా ఉంటాను అన్న మాట ఆయన నోటి నుంచి మళ్ళీ ఎవరూ వినలేదు. ఇంత జరిగినా కంచె తీసెయ్యాలని మాత్రం అనుకోలేదు. ఇంకాస్త ఎత్తు పెంచాలనుకున్నాడు.

ఒక రోజు కూర్మన్న రాలేదు. గరటయ్య దోసకాయ కోసి పక్కన పెట్టుకున్నాడు. మర్నాడూ రాలేదు. "చుట్టు తిరిగి రమ్మన్నానని అలిగాడు కాబోలు. అలగనీ" అనుకుని రెండు కాయలూ తనే తిన్నాడు. రుచిగా అనిపించలేదు.

మూడో రోజు పొద్దున్న కంచె అవతల కాకి చిట్టెమ్మ బజ్జీలు వేస్తూ ఎలుగుబంటితో అంటోంది.

"కింది రేవు మెట్ట తాబేలాయన లేడూ, కూర్మన్నని. మొన్న రోడ్డంచున పోతుంటే బండి చక్రం డిప్ప మీదెక్కిందంట. రెండు బళ్ళు పోటీ పడ్డాయంట లే. పాపం, అంత పొద్దున్నే రోడ్డు మీద ఆయనకేం పనో."

ఆయనకేం పనో గరటయ్యకు తెలుసు. బండ దిగి కింది వైపు పరిగెత్తాడు. కంచె అడ్డొచ్చింది. తనే వేసిన కంచె, వేలు దూరే సందు లేదు. వెనక్కి తిరిగి, గట్టెక్కి, రోడ్డు మీద పడ్డాడు. బండి వెనక బండి. చక్రం పక్కనుంచి పోతుంటే తోక ముడుచుకుని గోడకి అతుక్కుపోయాడు. కూర్మన్న రోజూ ఇలాగే వచ్చేవాడని అప్పుడు అర్థమైంది.

కూర్మన్న తన వాకిట్లో నీడన పడుకుని ఉన్నాడు. డిప్ప మీద చుక్కల మధ్యగా ఈ చివర నుంచి ఆ చివర దాకా పగులు. డాక్టరు కొంగ దానికి లక్క పోసి అతికించింది. బతికాడు. కానీ ఇక దూరం నడవకూడదని గట్టిగా చెప్పి వెళ్ళింది.

గరటయ్య పక్కన కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందా బావా?"

"నవ్వితే నొప్పి. నవ్వించకు."

"నా వల్లే ఇదంతా. నాకు సిగ్గుగా ఉంది బావా. నిన్ను రోడ్డు మీదికి తోలింది నేనే."

కూర్మన్న కాదనలేదు, ఔననీ అనలేదు. "సందు అడిగాను. లేదన్నావు. నేను మాత్రం రాకుండా ఉండగలనా? అంతే బావా జరిగింది. ఊరికే ఏడవకు, నీ మొహానికి నప్పదు" అన్నాడు.

ఆ మాటకు గరటయ్య నిజంగానే ఏడ్చాడు.

ఇంటికి వచ్చి కంచె పీకడం మొదలుపెట్టాడు. పళ్ళతో పట్టి లాగాడు, గోళ్ళతో పెకిలించాడు. తుమ్మ ముళ్ళు దిగి మూతంతా రక్తమైంది. ఎలుగుబంటి సాయం చెయ్యబోతే వద్దన్నాడు. "వేసినవాణ్ణి నేను. తీసేదీ నేనే." సాయంత్రానికి రెండు కంచెలూ లేవు. బండకు ఏటి వైపు ఉన్న పాదులు కూడా తనే తీసి పక్కన పెట్టాడు.

విషయం తెలిసి సూరమ్మ వచ్చింది. మేస్త్రి వచ్చి మిగిలిన ముక్క దిమ్మిస కొట్టాడు. పై రేవు నుంచి కింది రేవు దాకా బాట ఒక్కటైంది.

"రిబ్బను కట్టి నీ చేత్తోనే కత్తిరిద్దాం గరటయ్యా" అంది సూరమ్మ.

"వద్దమ్మా. దారికి అడ్డంగా ఇంకేమీ కట్టొద్దు" అన్నాడు గరటయ్య.

ఆ మర్నాడు పొద్దున్న ఎలుగుబంటి వచ్చాడు, బండ పక్కనుంచి పోయాడు. కుందేళ్ళు సైకిళ్ళ మీద వచ్చాయి, పోయాయి. ముట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఆగలేదు. ఆగేవాళ్ళు లేకపోవడంతో కాకి చిట్టెమ్మ పొయ్యి ఎత్తుకుని పై రేవుకి పోయింది. పాదుల మీద కాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయేవాడికి పోవడం మీదే ధ్యాస గాని దోసకాయ మీద ఎందుకుంటుంది? బండ మీద పల్చగా ఎండ పడింది. ఏటి చప్పుడు మళ్ళీ వినిపించింది.

గరటయ్య కోరుకున్నదంతా తిరిగొచ్చింది. పక్కన కూర్చునేవాడు మాత్రం లేడు.

కాసేపు అలా చూసి, ఒక లేత దోసకాయ కోసి, నోట కరుచుకుని బాటెక్కాడు. అందరితో పాటు నడిచాడు. కింది రేవు చేరి కూర్మన్న వాకిట్లోకి వెళ్ళాడు. కాయ కింద పెట్టి, మెల్లగా గోటితో ఆ డిప్ప మీది పగులును ముట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావు బావా?" అన్నాడు కూర్మన్న.

"ముట్టుకుని తిరగాలట కదా. నా నడక ఇక్కడి దాకానే."

"మరి తిరిగి వెళ్ళిపోతావా?"

"తిని వెళతా. చెరి సగం."

ఎండా వానా లెక్కచెయ్యకుండా గరటయ్య రోజూ ఆ బాట మీద వెళ్ళేవాడు. పగులు మానలేదు. రోజూ దాన్నే ముట్టుకుని తిరిగొచ్చేవాడు.

నీతి: నలుగురు నడిచే దారిని మూసేవాడు, తన వాళ్ళు తన దగ్గరికి వచ్చే దారిని కూడా మూసుకుంటాడు.