నల్లపెట్ట నేలను అడిగిన రోజు

ఒకప్పుడు కోడి నేలను గీకేది కాదు. దాని గోళ్ళు తమలపాకు కాడల్లా మెత్తగా ఉండేవి. అది నడిచి వెళ్ళిన సంగతి మట్టికి తెలిసేది కూడా కాదు. ఎవరైనా పెడితే తినేది, పెట్టకపోతే పెట్టేదాకా కూర్చునేది.

ఆ రోజుల్లో ఎర్రకొండ కింద ఒక పల్లెలో ఓబులవ్వ ఉండేది. మొగుడు పోయాడు, కడుపున ఎవరూ పుట్టలేదు. ఆమెకున్నదల్లా ఒక నల్లపెట్ట, దాని నలుగురు చెల్లెళ్ళు, ఒక ముసలి పుంజు. నీకెంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే ఏమాత్రం తడుముకోకుండా ఆరుగురని చెప్పేది. అప్పటికి లోకంలో ఉన్న కోళ్ళన్నీ ఆ ఆరేనని మా పెద్దవాళ్ళు అంటారు. నేను చూడబోయానా?

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో రోజూ తినేది కొర్రన్నం, రాగిసంగటి. వరిబువ్వ వండాలంటే పండగన్నా రావాలి, చుట్టమన్నా రావాలి. చుట్టానికి తెల్లటి బువ్వ పెట్టారంటే ఆ మనిషి మీద ఆ ఇంటికి ప్రాణం ఉందన్నమాట. ఓబులవ్వ ఇంటికి చుట్టాలెవరూ రారు. అందుకని కోళ్ళనే చుట్టాలు చేసుకుంది.

తాను సంగటి ముద్ద మింగి, కోళ్ళకు మాత్రం మూడు పూటలా వరిబువ్వ వండేది. పాపం నోట్లో పళ్ళు లేవు కదా అని దాన్ని వెన్నలా పిసికి పళ్ళెంలో పెట్టేది. కాళ్ళకు మన్నంటకుండా కింద చాప పరిచేది. గద్ద తన్నుకుపోతుందేమోనని పగలంతా గంప కింద మూసి ఉంచేది. ఇంతకంటే బాగా కన్నతల్లి కూడా చూసుకోదని ఊరంతా మెచ్చుకునేవాళ్ళు.

ఇంతలో నల్లపెట్ట గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది. మూడో రోజుకే దాని కింద తడి తగిలింది. చూస్తే గుడ్లన్నీ చితికిపోయి ఉన్నాయి. పెంకు ఉల్లిపొరలా ఉంది, పెట్ట బరువుకే ఆగలేదు.

ఎవరిదో పాడు కన్ను పడిందనుకుంది ఓబులవ్వ. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. బువ్వ ఇంకో రెండు పిడికిళ్ళు ఎక్కువ వండి, ఇంకా మెత్తగా పిసికింది.

రెండో విడత గుడ్లూ అలాగే పోయాయి. చెల్లెళ్ళు గుడ్లు పెట్టడమే మానేశాయి. పుంజు తెల్లారి లేచి నోరు తెరిస్తే గాలి తప్ప కూత రాలేదు. నల్లపెట్టకైతే తిన్న బువ్వ లోపలికి దిగక మెడ కింద సంచిలోనే ముద్దకట్టి పులిసిపోయింది. ఓబులవ్వ వేళ్ళతో తడిమితే పిండిముద్దలా గట్టిగా తగిలింది.

"ఇంకొక్క విడత పెడతానేమో అవ్వా," అంది నల్లపెట్ట. "ఆపైన నాకు సత్తువ లేదు. ఈసారీ పోతే మా కోడిజాతి ఇంతటితో సరి."

ఓబులవ్వకు ఏడుపు ఆగలేదు. గరిటె పట్టుకునే ఏడ్చింది. పొయ్యి మీద బువ్వ మాడిపోతున్నా చూసుకోలేదు.

అప్పుడే కంచె పక్కనుంచి ఒక కౌజుపిట్ట వెళ్తోంది. పిడికెడంత పిట్ట. వెనకాల పదకొండు పిల్లలు పరుగెత్తుతున్నాయి. దానికి గంప లేదు, పళ్ళెం లేదు, పిసికిపెట్టే అవ్వ అసలే లేదు. ఓబులవ్వకు మొదట కడుపు మండింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, నువ్వేం తింటావు, నీ గుడ్లు ఎందుకు చితకవు అని అడిగింది. ఏం బువ్వ తింటావని కూడా అడిగింది, అలవాటు చొప్పున.

కౌజుపిట్టకు నవ్వొచ్చింది. "బువ్వంటే ఎట్లుంటాదో కూడా నాకు తెల్దవ్వా. నాకెవరు వండిపెడతారు? కాళ్ళతో నేలను అడుగుతా. అదేమిస్తే అది తింటా," అని పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిపోయింది.

ఈ మాట ఓబులవ్వకు అంతగా నచ్చలేదు. ఇంత చేసినదాన్ని, ఒక కౌజుపిట్ట దగ్గర నేర్చుకోవాలా అనిపించింది. అయినా నల్లపెట్టను ఒడిలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి, చాప వేసుకోకుండా ఉత్త మట్టిలో కూర్చుంది. అరచెయ్యి నేల మీద ఆనించి, తల్లీ, నా పెట్టకేమైంది, నువ్వన్నా చెప్పు అని బతిమాలింది.

నేల పలికింది. దాని గొంతులో కోపం లేదు గానీ, నొచ్చుకున్నట్టు మాత్రం తెలిసింది. చీమ నన్ను తవ్వుతుంది, ఎద్దు దున్నుతుంది, ఆ కౌజుపిట్ట పొద్దస్తమానం గీకుతూనే ఉంటుంది, నీ పెట్ట మాత్రం ఇన్నాళ్ళలో నన్ను ఒక్కసారైనా ముట్టుకోలేదు అంది. పళ్ళు లేవని బువ్వ పిసికి పెట్టావే, దాని పళ్ళు నా దగ్గరే ఉన్నాయి అని కూడా అంది.

ఓబులవ్వకు అర్థం కాలేదు. అప్పుడు నేల ఓపిగ్గా చెప్పింది. చిన్న చిన్న గులకరాళ్ళే కోడికి పళ్ళు. మింగితే లోపల కందనకాయలో చేరి, తిన్న గింజను అవే నూరిపెడతాయి. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం నత్తగుల్లల్లో ఉంది. ఒంటి సత్తువకు చెదపురుగులున్నాయి, పచ్చిగడ్డి మొలకలున్నాయి. ఉత్త బువ్వ పెడితే పొట్ట నిండుతుంది, గుడ్డుకు పెంకు రాదు.

ఓబులవ్వ ఒడిలోని పెట్టను చూసుకుంది. "అయితే ప్రేమగా పెట్టి పెట్టి నేనే చంపుకుంటున్నానా తల్లీ?"

"ప్రేమ తప్పు కాదమ్మీ," అంది నేల. "దాని నోరు చూసి పెట్టాల్సింది. నువ్వు నీ మనసు చూసుకుని పెట్టినావు."

ఓబులవ్వ కొంగు చాపింది. అవన్నీ ఇందులో పొయ్యి, నేనే తీసుకెళ్ళి పెడతానంది. నేల ఒప్పుకోలేదు.

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేనూ అమ్మనే. తినేది ఎవరో వాళ్ళే అడగాల. నువ్వు గంప ఎత్తు."

గంప ఎత్తడమంటే మాటలా? ఓబులవ్వ తలెత్తి ఆకాశం చూసింది. గద్ద సంగతేమిటని అడిగింది. గద్ద ఉంటుంది, లేదని నేనెందుకు చెబుతాను, నీకు కళ్ళున్నాయి కదా అంది నేల. ఓబులవ్వకు భయం తీరలేదు. అయినా ఒడిలోని పెట్టను మట్టిలో దించింది. లోపలికి వెళ్ళి, మిగతా ఐదింటి మీద ఉన్న గంపను కూడా ఎత్తి గోడకు ఆనించింది.

నల్లపెట్ట కాలితో ఒకసారి గీకింది. మెత్తటి గోరు నొప్పెట్టి కుయ్యిమంది. ఓబులవ్వ గభాలున ఎత్తుకోబోయి, నోరు నొక్కుకుని ఆగింది. పెట్ట ఇంకో కాలితో గీకింది. మూడోసారికి మన్ను పెళ్ళగిలి, మినపగింజంత రాయి ఒకటి బయటపడింది. పెట్ట దాన్ని గుటుక్కున మింగింది. తర్వాత ఇంకో రాయి, దాని పక్కనే ఒక నత్తగుల్ల ముక్క. పొద్దు వాలేసరికి మెడ కింద ముద్ద మెల్లగా కరిగి కిందికి దిగింది.

మర్నాటి నుంచి ఓబులవ్వ పొయ్యి తీరే మారిపోయింది. కోళ్ళకు సజ్జలు, కొర్రనూకలు చల్లింది. తోటకూర కట్ట కంచెకు వేలాడదీసింది. పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి గోడ వారన బోర్లిస్తే రెండు రోజుల్లో చెదలు పట్టాయి. కుండ ఎత్తితే చాలు, కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. మరి ఇంట్లో మిగిలిన వరిబియ్యం ఏం చేసిందంటారా? వండుకుని తనే తింది. తన నోటికి వరిబువ్వ తగిలి ఎన్నేళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

నెల తిరగకుండానే నల్లపెట్ట మళ్ళీ గుడ్లు పెట్టింది. మొత్తం పది. ఓబులవ్వ భయపడుతూనే ఒకదాన్ని గోటితో కొట్టి చూసింది. టక్కుమంది. ఆ చప్పుడు మళ్ళీ వినాలని ఇంకోసారి కొట్టింది.

పెట్ట గుడ్లు పొదిగినన్నాళ్ళూ ఆమె చేట చేత్తో పట్టుకుని గడప దగ్గరే కూర్చుంది. గద్ద ఒకసారి పుంజు మీదికి దిగనే దిగింది. ఓబులవ్వ చేట విసిరికొట్టింది. పుంజుకు మూడు ఈకలు పోయాయి, ప్రాణం దక్కింది. పోయిందనుకున్న కూత కూడా ఆ అదురుకే తిరిగొచ్చింది.

ఇరవై ఒకటో రోజున పెంకులు పగిలాయి. ఒక గుడ్డు మురిగిపోయింది. తొమ్మిది పిల్లలు బయటికొచ్చి, తడి ఆరకముందే గోల మొదలుపెట్టాయి. ఓబులవ్వ ఒక్కొక్కదాన్ని చెంపకు ఆనించుకుని ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

పిల్లలకు కాళ్ళు నిలిచాక, సంబరం పట్టలేక చేట నిండా కొర్రనూకలు పోసి వాటి ముందు పెట్టింది. నల్లపెట్ట వచ్చి చేటలోకి ఎక్కింది. ఒక్క గింజ కూడా ముట్టకుండా కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి వెనక్కి తన్నింది. నూకలు పెరడంతా చిమ్మాయి. ఓబులవ్వ తిట్టబోయింది.

"నువ్వు పోసినా ఇచ్చింది నేలే కదవ్వా," అంది నల్లపెట్ట. "అడగకుండా తినడం అలవాటైతే ఈ పిల్లలు మళ్ళీ మరిచిపోతారు."

ఆ మాట అయ్యేలోపే తొమ్మిది పిల్లలూ చేట చుట్టూ చేరి, గోరంత కాళ్ళతో మట్టిని గీకడం మొదలుపెట్టాయి. ఓబులవ్వ తిట్టు మింగేసి, చిమ్మిన నూకల మధ్యనే కూలబడి నవ్వింది.

అప్పటినుంచే కోడి గులకరాళ్ళు ఏరుకుని మింగుతుంది. అప్పటినుంచే దాన్ని గింజల కుప్ప మీద నిలబెట్టినా, ముందు రెండు కాళ్ళతో గీకి ఆ తర్వాతే ముక్కు ఆనిస్తుంది. మీ పెరట్లో కోడి పోసిన గింజలన్నీ చిమ్మేస్తుంటే తిట్టకండి. అది నేలను అడుగుతోంది.